అట్ట గిటార్లు, అసలు రికార్డు

లండన్‌లో వాయవ్యం వైపు కింగ్స్‌బరీ అని ఓ పేట. 1970ల చివర్లో అక్కడ ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అనే పబ్బును ఆనుకుని ఒక హాలుండేది. పేరు బ్యాండ్‌వ్యాగన్ సౌండ్‌హౌస్. చాలా రాత్రులు ఆ హాల్లో వేదిక మీద వాయించే బృందమే ఉండేది కాదు. నీల్ కే అనే డీజే రికార్డులు పెడుతుంటే పెద్ద పెద్ద స్పీకర్లు దద్దరిల్లేవి. కింద కుర్రాళ్ళు భుజాల మీదికి పెరిగిన జుట్టు ముందుకీ వెనక్కీ విసురుతూ, చేతుల్లో లేని గిటార్లు వాయించేవారు. కొందరికి గాల్లో వేళ్ళాడిస్తే తనివి తీరలేదు. హార్డ్‌బోర్డు అట్టల్నీ చెక్కముక్కల్నీ గిటారు ఆకారంలో కోసి చంకన పెట్టుకుని వచ్చేవారు. తీగల్లేవు, శబ్దం లేదు. సోలో వచ్చిందంటే మాత్రం అసలు గిటారిస్టు పడే బాధంతా ముఖంలో కనిపించేది.

చూసేవాళ్ళకి ఇదంతా కామెడీ. ఆ మాటకొస్తే అప్పటి లండన్ సంగీత పత్రికల్లో చాలావాటికి హెవీ మెటలే కామెడీ. అంతకు రెండు మూడేళ్ళ ముందు పంక్ వచ్చి, పొడవు జుట్టూ పొడవు సోలోలూ రెండూ కాలం చెల్లిన సరుకని తేల్చేసింది. రికార్డు కంపెనీలూ ఆ మాటే నమ్మాయి. నమ్మనివాళ్ళు కింగ్స్‌బరీ లాంటి చోట్ల చేరారు. ఐరన్ మెయిడెన్ తొలి ఆల్బమ్ 1980 ఏప్రిల్ 14న విడుదలై, బ్రిటిష్ పట్టికలో నాలుగో స్థానం దాకా ఎక్కింది. దాని గురించి చెప్పుకోవాలంటే ఈ అట్ట గిటార్ల దగ్గర మొదలుపెట్టాల్సిందే. అది రికార్డయిన స్టూడియో సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఆల్బమ్ వస్తుంది, జనానికి నచ్చుతుంది, అప్పుడు అభిమానులు పుడతారు. మామూలుగా అనుకునే వరస ఇది. ఇక్కడది తిరగబడింది. ముందు అభిమానులు పుట్టారు, పాటలు నోటికొచ్చేశాయి, చొక్కాల మీదికి పేరెక్కింది. ఆల్బమ్ వాటన్నిటి తర్వాత వచ్చింది. విడుదలకు ముందే ఊగిపోవడం తెలుగు సినిమా అభిమానులకు కొత్తేం కాదు. మొదటి ఆట పడకముందే కటౌట్లకు పాలాభిషేకాలు అయిపోతాయి. కాకపోతే ఆ ఊపంతా అప్పటికే పేరున్న హీరో మీద నడిచేది. లండన్ కుర్రాళ్ళు ఊగిపోయిన బృందానికి పేరు సంగతి అలా ఉంచి, చేతిలో ఒక్క రికార్డయినా లేదు.

బృందం పెట్టినవాడు స్టీవ్ హారిస్. బేస్ గిటార్ వాయిస్తాడు, పాటలు రాస్తాడు, వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ జట్టంటే ప్రాణం. 1975 క్రిస్మస్ రోజున మొదలెట్టాడు. ఆ తర్వాత ఏళ్ళన్నీ స్ట్రాట్‌ఫర్డ్‌లోని కార్ట్ అండ్ హార్సెస్, ఈస్ట్ హామ్‌లోని రస్కిన్ ఆర్మ్స్ లాంటి తూర్పు లండన్ పబ్బుల్లోనే గడిచాయి. గాయకులు మారారు, గిటారిస్టులు మారారు, డ్రమ్మర్లు మారారు. హారిస్ మాత్రం మారలేదు. వేదిక వెనక ఒక భయంకరమైన ముఖం తగిలించేవారు. బృందం పేరే పెట్టుకున్న పాట వాయిస్తున్నప్పుడు దాని నోట్లోంచి ఎర్రరంగు నీళ్ళు కారి డ్రమ్మర్ నెత్తిన పడేవి. ఖర్చు తక్కువ, పని ఎక్కువ. ఉత్త బీరు కోసం వచ్చినవాడు కూడా మర్నాడు పనిలో ఎవరికో ఒకరికి ఆ ముఖం గురించి చెప్పకుండా ఉండలేడు. ప్రచారమంటే అప్పట్లో వాళ్ళకి అదే.

1978 డిసెంబర్ 30, 31 తేదీల్లో కేంబ్రిడ్జ్‌లోని స్పేస్‌వార్డ్ స్టూడియోలో నాలుగు పాటలు రికార్డు చేసుకున్నారు. గాయకుడు పాల్ డియానో బృందంలో చేరి అప్పటికి నిండా రెండు నెలలైనా కాలేదు. అసలు టేపు కొనుక్కోవడానికి డబ్బు చాలక, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి స్టూడియోవాళ్ళు ఆ టేపు తుడిచేసి వేరే పనికి వాడుకున్నారు. మిగిలింది చేతిలో ఉన్న కాపీయే. ఇక మెరుగులు దిద్దే దారి లేదు. ఆ కాపీనే హారిస్ తీసుకెళ్ళి నీల్ కేకి ఇచ్చాడు.

కే దాన్ని హాల్లో పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు. సౌండ్‌హౌస్‌కి వచ్చేవాళ్ళు ఏ పాట ఎన్నిసార్లు అడిగారో లెక్కగట్టి ఓ పట్టిక తయారుచేసేవాడు. ‘సౌండ్స్’ అనే వారపత్రిక దాన్ని అచ్చువేసేది. ఆ పట్టికలో ఐరన్ మెయిడెన్ పాట ‘ప్రౌలర్’ మొదటి స్థానానికి ఎక్కింది. అప్పటికి ఆ పాట కొందామంటే లండన్ మొత్తం మీద ఏ దుకాణంలోనూ దొరకదు. దొరకని పాటకి మొదటి స్థానం! పేరు మోసిన బృందాల రికార్డులు కింద, డబ్బు చాలక తుడిచిపెట్టుకుపోయిన టేపు కాపీ పైన. పట్టిక అన్న మాటకి అంత నిజాయితీ ఉన్న సందర్భాలు సంగీత వ్యాపారంలో తక్కువే.

1979 మే 8న క్యామ్డెన్‌లోని మ్యూజిక్ మెషీన్‌లో ఏంజెల్ విచ్, ఐరన్ మెయిడెన్, శాంసన్ బృందాలు ఒకే రాత్రి వాయించాయి. దాని మీద ‘సౌండ్స్’లో జెఫ్ బార్టన్ రాసిన వ్యాసంతో ఈ గాలికి ‘న్యూ వేవ్ ఆఫ్ బ్రిటిష్ హెవీ మెటల్’ అని పేరు పడింది. పేరు సంపాదకుడు ఆలన్ లూయిస్ తలలోంచి వచ్చిందని చెబుతారు. నోరు తిరగని పేరు, కానీ అతుక్కుపోయింది. ఆ మే 8 రాత్రికి మార్గరెట్ థాచర్ ప్రధాని అయి సరిగ్గా నాలుగు రోజులు. అప్పటి బ్రిటన్‌లో ఫ్యాక్టరీలు, ఉద్యోగాలు, సమ్మెల గురించి ఈ కుర్రాళ్ళకి తెలియక కాదు, అందులోంచే వచ్చారు. పాటలు మాత్రం వాటి గురించి కాదు. నాటకశాలలో తిరిగే భూతాల గురించి, ట్రాన్సిల్వేనియా గురించి, రాత్రి వీధుల్లో తచ్చాడే మనుషుల గురించి. పంక్ విమర్శకులకి మింగుడు పడనిదీ ఇదే. కష్టంలో ఉన్న కుర్రాడు కష్టం గురించే పాడాలని ఎవరో నియమం పెట్టినట్టు.

ఆ ఏడాది నవంబర్ 9న స్పేస్‌వార్డ్ పాటల్లో మూడింటిని చిన్న రికార్డుగా సొంత ఖర్చుతో వేశారు. దానికి పెట్టిన పేరు ‘ద సౌండ్‌హౌస్ టేప్స్’. తమ పాటను మోసిన హాలు పేరు రికార్డుకి పెట్టుకున్నారన్నమాట. వేసినవి 5,000 ప్రతులు. అమ్మకం పోస్టు ద్వారానే. మొదటి వారంలోనే దాదాపు 3,000 పోయాయి. పెద్ద దుకాణాలు ఇంకా కావాలని అడిగినా మళ్ళీ అచ్చు వేయలేదు, ముందునుంచీ వెంట ఉన్నవాళ్ళకే ఇది అని ఉంచేశారు. మేనేజర్ రాడ్ స్మాల్‌వుడ్ వ్యాపారం తెలిసినవాడు కాబట్టి ఇందులో పూర్తి త్యాగం చూడనక్కరలేదు. అందని వస్తువు మీద మోజు పెరుగుతుందని ఆయనకి ఎవరూ చెప్పక్కరలేదు. అయినా పోస్టులో ఆ పొట్లం అందుకున్న కుర్రాడికి ఆ లెక్కతో పనేముంది? తను ఎన్నో రాత్రులు అడిగి అడిగి పెట్టించుకున్న పాట, తన హాలు పేరుతో, తన ఇంటికి వచ్చింది.

డిసెంబర్‌లో ఈఎంఐ కంపెనీ బృందంతో ఒప్పందం చేసుకుంది. 1980 ఫిబ్రవరిలో ‘రన్నింగ్ ఫ్రీ’ పాట సింగిల్‌గా వచ్చి 34వ స్థానానికి చేరింది. బీబీసీ ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ కార్యక్రమంలో అందరూ రికార్డు మోగుతుంటే పెదాలు కదిపి వచ్చేవారు. వీళ్ళు వాయించనిస్తేనే వస్తామని పట్టుబట్టి నిజంగానే వాయించారు. అట్ట గిటార్ల హాల్లోంచి వచ్చినవాళ్ళు అసలు గిటార్లు పట్టుకుని ఉత్తుత్తినే ఊగం అన్నారు!

ఇక ఆల్బమ్. మొదటి పాట ‘ప్రౌలర్’, చివరి పాట ‘ఐరన్ మెయిడెన్’. రెండూ ఆ పాత టేపులోవే. అంటే తొలి ఆల్బమ్ తలుపూ, గడియా రెండూ అభిమానులు ఎప్పుడో తెరిచి మూసినవే. మధ్యలో ఏడు నిమిషాలు దాటే ‘ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ ఉంది. తర్వాతి రోజుల్లో హారిస్ రాసిన పెద్ద పాటలన్నిటికీ మూలం అదే. రెండు గిటార్లు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తి, ఉన్నట్టుండి ఒకే బాటలో జంటగా నడవడం, కింద బేస్ గుర్రపు డెక్కల్లా కదం తొక్కడం, నాలుగైదు చోట్ల వేగం మారడం. రాగం పట్టుకుని నోటితో పాడుకోగల గిటార్ వరసలివి. హాలంతా మాటల్లేని చోట కూడా గొంతు కలిపి పాడడానికి వీలయింది అందుకే. డియానో గొంతులో తూర్పు లండన్ వీధి గరుకుతనం ఉంది, డేవ్ మర్రే గిటార్ మెత్తగా జారుతుంది, క్లైవ్ బర్ డ్రమ్స్ ఊపిరి తీసుకోనివ్వవు. రెండో గిటార్ డెనిస్ స్ట్రాటన్‌ది. ఆల్బమ్ వచ్చిన కొన్ని నెలలకే ఆయన బయటికి వెళ్ళిపోయాడు.

శబ్దం మాత్రం పలచన. ఈ మాట అన్నది శత్రువులు కాదు, హారిసే. నిర్మాత విల్ మలోన్ పెద్దగా పట్టించుకోలేదనీ, చాలావరకు తామే చూసుకోవాల్సి వచ్చిందనీ ఆయన తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. రెండో ఆల్బమ్ నుంచి నిర్మాతగా మార్టిన్ బర్చ్ వచ్చాక తేడా చెవిటివాడికైనా తెలుస్తుంది. అయినా తొలి ఆల్బమ్ మీద ప్రేమ అణువంతైనా తగ్గని అభిమానుల్ని కదిపితే విచిత్రమైన సంగతి బయటపడుతుంది. వాళ్ళు ఆ లోపాన్ని కాదనరు, క్షమించరు కూడా, అసలు వినరు. రస్కిన్ ఆర్మ్స్‌లో విన్న మోత చెవిలో నిలిచిపోయినవాడు రికార్డు పెట్టుకున్నప్పుడు, రికార్డులో లేని బరువుని తనే నింపుకుంటాడు. ఆ పబ్బులు చూడనివాడు సైతం, ఈ పలచని గరుకుతనమే ఆనాటి అసలు వాసన అని వాదిస్తాడు. నిర్మాణ లోపం కాలం గడిచే కొద్దీ గుణంగా మారిపోవడం తొలి ఆల్బమ్‌లకు మాత్రమే దక్కే అదృష్టం. ఐదో ఆల్బమ్‌కి ఎవరూ ఈ రాయితీ ఇవ్వరు.

ఆల్బమ్ అట్ట మీది బొమ్మ కథ వేరు. డెరెక్ రిగ్స్ దాన్ని ఈ బృందం కోసం వేయలేదు, అంతకుముందే పంక్ వాసనతో వేసి పెట్టుకున్నాడు. స్మాల్‌వుడ్ చూసి, జుట్టు కాస్త పెంచమన్నాడు. వీధి దీపం వెలుగులో ఎముకలు తేలిన ముఖం, పసుపు కళ్ళు. దానికి వేదిక మీది ముఖానికున్న ఎడ్డీ అన్న పేరే వచ్చింది. పబ్బులు చూడని వేలమంది ఈ బృందాన్ని మొట్టమొదట కలుసుకున్నది దుకాణంలో ఆ ముఖం ద్వారానే. పాట వినకుండా బొమ్మ చూసి కొన్నామని చెప్పేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. అలా అభిమానుల్లో రెండు తెగలయ్యాయి, ముందే విన్నవాళ్ళూ, తర్వాత కొన్నవాళ్ళూ. మొదటి తెగ గర్వం ఇప్పటికీ తగ్గలేదు. కార్ట్ అండ్ హార్సెస్‌లో తొలి రోజుల ప్రదర్శన చూశామని చెప్పేవాళ్ళందర్నీ ఒకచోట చేరిస్తే ఆ పబ్బు కాదు గదా, పక్క వీధి కూడా చాలదు.

ముందే విన్నవాళ్ళ ప్రేమకి ఇంకో ముఖం ఉంది. షెఫీల్డ్ నుంచి వచ్చిన డెఫ్ లెపర్డ్ కూడా సొంతంగా రికార్డు వేసుకునే ఎదిగింది. వాళ్ళ తొలి ఆల్బమ్ ‘ఆన్ త్రూ ద నైట్’ అదే 1980 మార్చిలో వచ్చి 15వ స్థానానికి చేరింది. అందులో అమెరికాని పలకరించే పాట ఒకటి ఉంది, బృందం కూడా అటువైపే చూస్తోందని ఇంటి అభిమానులకు అనుమానం పుట్టింది. ఆ ఆగస్టులో రెడింగ్ ఉత్సవంలో వాళ్ళ మీదికి డబ్బాలు, సీసాలు విసిరారన్నది రాక్ చరిత్రలో స్థిరపడిన కథ. జరిగినదాని కంటే పెంచి చెప్పారని గాయకుడు జో ఎలియట్ అంటాడు. విసిరినవి పది అయినా వంద అయినా కోపం మాత్రం కల్పన కాదు. అదే ఉత్సవంలో ఐరన్ మెయిడెన్‌కి జేజేలు పలికారు. పాటల నాణ్యతలో అంత తేడా ఉందా అంటే లేదనే చెప్పాలి. ఒక బృందం ‘మాది’, ఇంకొకటి చేజారిపోయింది, అంతే. తొలి ఆల్బమ్‌లో తనకి వాటా ఉందనుకునే అభిమాని ఆ వాటా అడుగుతాడు కూడా.

ఇదే గాలిలో మరో తొలి ఆల్బమ్‌కి పట్టికల్లో చోటే దొరకలేదు. స్టౌర్‌బ్రిడ్జ్ ఊరి బృందం డైమండ్ హెడ్‌కి ఏ కంపెనీ అండా దొరక్క 1980లో ఆల్బమ్‌ని తామే వేశారు. 1,000 ప్రతులు. ఉత్త తెల్ల అట్ట, దాని మీద పాటల పేర్లయినా లేవు, బృందంలో ఎవరో ఒకరి సంతకం మాత్రం ఉండేది. ‘సౌండ్స్’లో ప్రకటన ఇచ్చి పోస్టులో పంపారు. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో ఉంటున్న లార్స్ ఉల్రిక్ అనే కుర్రాడికి ఆ తెల్ల అట్ట అందింది. అతని అభిమానం ఉత్తరాలతో ఆగలేదు. 1981 వేసవిలో పదిహేడేళ్ళ వయసులో విమానమెక్కి ఇంగ్లండ్ వచ్చి, వాళ్ళ ప్రదర్శన చూసి, బృంద సభ్యుల ఇళ్ళలోనే వారాల తరబడి ఉండిపోయాడు. తిరిగి వెళ్ళి ఆ ఏడే మెటాలికా బృందం మొదలుపెట్టాడు. 1984లో మెటాలికా తిరిగి రికార్డు చేసిన ‘ఆమ్ ఐ ఈవిల్’ డైమండ్ హెడ్ తెల్ల అట్టలోని పాటే. ఆ ఆల్బమ్‌ని కొన్న వెయ్యిమందిలో ఒకడు చేసిన పని అది. డైమండ్ హెడ్‌కి రాని డబ్బూ పేరూ ఆ పాటకి మరొకరి ద్వారా వచ్చాయి. ఇది న్యాయమా అంటే చెప్పడం కష్టం. గిటారిస్టు బ్రయన్ టాట్లర్ మాత్రం ఆ మెటాలికా రాయల్టీలే తమని నిలబెట్టాయని దాపరికం లేకుండా చెబుతాడు.

ఐరన్ మెయిడెన్ దగ్గరికే మళ్ళీ వస్తే, 1981లో డియానో బృందం వదిలాడు. గాయకుడిగా బ్రూస్ డికిన్సన్ వచ్చాక 1982 ఆల్బమ్ మొదటి స్థానానికి వెళ్ళింది. లోకం లెక్కలో అసలు మెయిడెన్ అక్కణ్ణుంచే. తొలి ఆల్బమ్ వీరాభిమానులు ఒప్పుకోరు. ఈ తగువు నలభై ఏళ్ళు దాటినా తీరలేదు, తీరాలని ఎవరికీ లేదు. అయితే తగువులోంచి ఒక పని జరిగింది. మోకాళ్ళు పాడై డియానో చక్రాల కుర్చీకి పరిమితమైనప్పుడు అభిమానులు చందాలు వేసుకున్నారు, పాత బృందమూ చెయ్యి వేసింది, క్రొయేషియాలో వైద్యం జరిగింది. కుర్చీలో కూర్చునే మళ్ళీ ఊరూరా తిరిగి మొదటి రెండు ఆల్బమ్‌ల పాటలు పాడాడు. 2024 అక్టోబర్‌లో పోయాడు. అంతకుముందు క్లైవ్ బర్‌కి మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చినప్పుడు 2002లో లండన్ బ్రిక్స్‌టన్ అకాడమీలో బృందం మూడు రాత్రులు ఆయన కోసం వాయించింది. బర్ 2013లో పోయాడు. తొలి ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించినవాడు బృందం వదిలి ఇరవై ఏళ్ళయినా, టికెట్టు కొన్నవాళ్ళకి ఆయన ఎవరో చెప్పాల్సిన పని పడలేదు.

ఇండియాలో ఈ కథంతా తలకిందులుగా నడిచింది. ఇక్కడ ముందు వచ్చింది రికార్డే, అది కూడా చాలాసార్లు కాపీల కాపీగా. 1990లలో హైదరాబాద్, బెంగుళూరు ఇంజనీరింగ్ హాస్టళ్ళలో ఒకరి క్యాసెట్ ఇంకొకరి క్యాసెట్‌లోకి ఎక్కుతూ తిరిగేది. ఎక్కిన ప్రతిసారీ పైన చప్పుడు కాస్త తగ్గి, కింద బుసబుస కాస్త పెరిగేది. తొలి ఆల్బమ్ అసలే పలచన, ఇక ఆ కాపీలో ఏం మిగులుతుందో ఊహించుకోవచ్చు. మిగిలినదాన్ని పట్టుకునే గిటార్ వరసలు నేర్చుకున్నారు. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ మొదటిసారి ఇండియా వచ్చి బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది. మైదానం నిండా జనం. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సుల్లో, రైళ్ళలో వెళ్ళినవాళ్ళూ అందులో ఉన్నారు. 1980 ఆల్బమ్‌లోని చివరి పాటే ఆనాటి ప్రధాన కార్యక్రమానికీ చివరి పాట. దాన్ని మాటా మాటా కలిపి పాడినవాళ్ళలో చాలామంది ఆ ఆల్బమ్ వచ్చినప్పటికి పుట్టలేదు. మరుసటి ఏడు 2008 ఫిబ్రవరిలో బృందం తన ప్రపంచ యాత్రని ముంబైలోనే మొదలుపెట్టింది. డికిన్సన్ స్వయంగా నడిపిన బోయింగ్ 757 అక్కడ దిగింది. ఆ యాత్ర మీద తీసిన ‘ఫ్లైట్ 666’ చిత్రంలో ముంబై కుర్రాళ్ళు కనిపిస్తారు. చేతుల్లో గిటార్లేమీ లేవు. వేళ్ళు మాత్రం ఆడుతూనే ఉంటాయి.